దొరికావ్ అని నేననలేదు

వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. శుక్ర, శని, ఆదివారాలు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. లోకమంతా సెలవు తీసుకున్నా ఆమెకి డ్యూటీ తప్పదు. శుక్రవారం పొద్దున్నే అద్దం ముందు జడ వేసుకుంటూ, అద్దంలోంచే నన్ను చూసింది.

"ఈ మూడు రోజులైనా పిల్లలతో ఉండు. ఇంట్లో ఉండటం కాదు, వాళ్లతో ఉండు" అంది.

"అదేం మాట? నేనెక్కడికి పోతాను?" అన్నాను.

నిజమే, ఎక్కడికీ పోలేదు. జరిగిందంతా నేను ఇంట్లో ఉండగానే జరిగింది. తలుచుకుంటే తల కొట్టేసినట్టు ఉంటుంది.

మాకిద్దరు పిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్లు, బుడ్డోడికి నాలుగు. రెండో అంతస్తులో అద్దె ఇల్లు. ముందు హాలు, దాన్నానుకుని బాల్కనీ. హాలు నుంచి లోపలికి సన్నటి నడవా, దానికి అటూ ఇటూ రెండు పడగ్గదులు, చివర వంటగది. నడవా పైన ఒక అటక. దానికి చెక్క తలుపు. నిచ్చెన వేసుకుంటే తప్ప నాకు కూడా అందదు. అందులో మా పాత సూట్‌కేసులు, తిరగని ఫ్యాను, మేం ఈ ఇంట్లో దిగకముందు నుంచీ ఉన్న ఒక పరుపు చుట్ట ఉండేవి. ఆ పరుపు ఎవరిదో ఓనరుకీ తెలీదు. మేమూ దాన్ని కదపలేదు.

శుక్రవారం బాగానే గడిచింది. పది దాకా ఎవరూ స్నానం చెయ్యలేదు. బ్రెడ్డు కాల్చుకుని మంచం మీదే తిన్నాం. దుప్పట్లన్నీ కుర్చీల మీద కప్పి గుడారం వేశాం. తర్వాత దాగుడుమూతలు మొదలైంది. మా ఇంటి రూలు ఒకటే. ముందు దొరికినవాళ్లు తర్వాతి ఆటలో దొంగ. దొంగ గోడకి మొహం ఆనించి ఇరవై దాకా లెక్కపెట్టాలి. బుడ్డోడు దొంగైతే పదమూడు తర్వాత పదిహేను అంటాడు. పద్నాలుగుతో వాడికేం తగువో తెలీదు.

వాడు దాక్కోవడం చూస్తే ముచ్చటేస్తుంది. పరదా వెనక నిలబడతాడు, కాలి వేళ్లు బయటే ఉంటాయి. మనం చూసీ చూడనట్టు పక్కనుంచి పోవాలి. "అబ్బ, ఎక్కడికి పోయాడబ్బా?" అనాలి. పరదా లోపల్నుంచి కిసుక్కుమని నవ్వు వస్తుంది. ఆ నవ్వు విన్నాక కూడా ఇంకో చుట్టు తిరగాలి. ఆ చుట్టులోనే వాడి ఆనందమంతా ఉంది.

పదిసార్లు ఆడేసరికి నా ఓపిక అయిపోయింది. వాళ్లది కాలేదు. సాయంత్రం మా ఆవిడ వచ్చేసరికి నేను సోఫాలో గుడ్లు తేలేసి ఉన్నాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను ఒక కాల్ సెంటర్లో సూపర్‌వైజర్ని. ఫిర్యాదులు చెప్పుకోవడానికి ఫోన్ చేసేవాళ్లని లైన్లో నిలబెట్టడం మా విద్య. ఊరికే సంగీతం వేస్తే జనం విసుగెత్తి పెట్టేస్తారు. నలభై సెకన్లకోసారి ఒక మనిషి గొంతు పలకరించాలి. 'మీ విషయమే చూస్తున్నాం, లైన్లోనే ఉండండి' అనాలి. చూస్తున్నాం అనాలే గానీ, చూశాం అనకూడదు. ఆ మాట అంటే పని చెయ్యాల్సి వస్తుంది. మా ఆఫీసులో ఆ గొంతు నాదే. పదకొండేళ్లుగా ఎన్ని వేలమందిని అలా కూర్చోబెట్టానో నాకే తెలీదు.

శనివారం మధ్యాహ్నం టీవీలో ఫైనల్ మ్యాచ్ ఉంది. పిల్లలు మళ్లీ దాగుడుమూతలన్నారు. నా బుర్ర పాదరసంలా పనిచేసింది.

బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని, పాత ఫోన్లో నా గొంతు రికార్డు చేశాను. "ఎక్కడున్నారబ్బా ఈ పిల్లలు?" అన్నాను. కాసేపు చెప్పులతో టకటకా నడిచాను. "పరదా వెనకా? ఊహూఁ, లేరే." కొంచెం విరామం. "మంచం కిందా? ఇక్కడా లేరు." మళ్లీ అడుగులు. "ఆఁ, ఏదో చప్పుడైందే! వస్తున్నా... ఇదిగో వస్తున్నా..." మొత్తం మూడు నిమిషాలు. అది అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చేలా పెట్టాను. దొరికావ్ అనే మాట మాత్రం అందులో లేదు. ఎందుకుంటుంది? ఆ మాట అంటే ఆట అయిపోతుంది కదా.

చిన్న స్పీకర్ని నడవా మొదట్లో చెప్పుల స్టాండు మీద పెట్టాను. "ఈసారి ఎవరు ఎక్కువసేపు దొరక్కుండా ఉంటే వాళ్లే గొప్ప. నేను పిలిచేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు" అన్నాను. ఇరవై లెక్కపెట్టి మీట నొక్కాను. నా ఫోన్లో మ్యాచ్ పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, బాల్కనీలో పడక కుర్చీలో కాళ్లు జాపాను.

గంటసేపు పిల్లల అలికిడే లేదు.

ఆఫీసులో నా పక్క సీటువాడికి మెసేజ్ కూడా పెట్టాను. 'పిల్లల్ని హోల్డులో పెట్టా' అని. వాడు పది నవ్వు బొమ్మలు పంపాడు. నేనూ నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ మెసేజ్ చూస్తే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

మ్యాచ్ అయ్యాక స్పీకరు ఆపి, నడవాలోకి వెళ్లి ఆయాసపడుతున్నట్టు నటించాను. "నా వల్ల కాదు బాబోయ్! ఓడిపోయాను, బయటికి రండి!"

బుడ్డోడు చెమటతో తడిసి ముద్దై వచ్చాడు. జుట్టంతా నుదుటికి అంటుకుపోయింది. కళ్లు మాత్రం వెలిగిపోతున్నాయి.

"నాన్నా, నువ్వు నా పక్కకే వచ్చావు! అయినా నన్ను చూడలేదు! నీ ఊపిరి నాకు వినిపించింది!"

"అవునా? అరె, తప్పించుకున్నావే!" అని వాడి బుగ్గ గిల్లాను. పిల్లల ఊహలు ఎక్కడికైనా పోతాయి అనుకున్నాను. పెద్దది చెప్పుల స్టాండు వైపు ఒకసారి చూసి, వంటగదిలోకి వెళ్లి నీళ్లు తాగింది.

ఆదివారం వాన. మధ్యాహ్నం మూడింటికే ఇల్లంతా మసక చీకటి. తడిసిన గోడల వాసన, ఆరని బట్టల వాసన. ఎక్కడో గొట్టంలోంచి నీళ్లు జారుతున్న చప్పుడు. బయట ఆడుకోవడానికి లేదు. బుడ్డోడే వచ్చి నా చొక్కా పట్టుకుని లాగాడు.

"నాన్నా, నిన్నటి ఆట. నువ్వు చాలాసేపు వెతికే ఆట."

ఆ మాటకైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. భోజనం చేసిన మత్తు. ఇరవై లెక్కపెట్టాను, మీట నొక్కాను, బాల్కనీలోకి వెళ్లి పడుకున్నాను. వాన చప్పుడుకి ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీదు.

మెలకువ వచ్చేసరికి నాలుగు దాటింది. ఇయర్‌ఫోన్లు జారిపోయి ఉన్నాయి. కరెంటు పోయింది. ఫ్రిజ్ మోత కూడా లేదు. ఇంటి లోపల్నుంచి నా గొంతు వినిపిస్తోంది.

"పరదా వెనకా? ఊహూఁ, లేరే."

టకటకా అడుగులు.

"మంచం కిందా? ఇక్కడా లేరు."

కళ్లు మూసుకుని విన్నాను. బాగా వచ్చింది అనుకున్నాను. ఎంత సహజంగా ఉందో! నిజంగా బిడ్డల కోసం వెతుకుతున్నవాడి గొంతే. సిగ్గు లేకుండా మురిసిపోయాను.

ఒళ్లు విరుచుకుని హాల్లోకి వచ్చాను. చెప్పుల స్టాండు మీద స్పీకరు ఉంది. దాని నీలం లైటు ఆరిపోయి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. పాత ఫోను చూశాను. ఎప్పుడు ఆగిపోయిందో, తెర నల్లగా ఉంది. మీట నొక్కినా వెలగలేదు.

"ఆఁ, ఏదో చప్పుడైందే!" అంది నా గొంతు. లోపలి పడగ్గదిలోంచి.

స్పీకరు నా చేతిలోనే ఉంది.

"వస్తున్నా... ఇదిగో వస్తున్నా..."

అడుగులు. చెప్పుల చప్పుడు కాదు. వట్టి కాళ్లు... తడి నేల మీద అంటుకుని ఊడుతున్నట్టు... మెల్లగా. పడగ్గది దాటి నడవాలోకి వచ్చాయి. నడవాలో ఎవరూ లేరు. నేను చూస్తూనే ఉన్నాను. ఎవరూ లేరు. అడుగులు నడవా మధ్యలో ఆగాయి.

తర్వాత వినిపించింది.

"దొరికావ్!"

నా గొంతే. కానీ అంత ప్రేమగా నేనెప్పుడూ ఆ మాట అనలేదు. వెంటనే అక్కడే, నా కళ్లకి కనపడకుండానే, బుడ్డోడు కిలకిలా నవ్వాడు. ఆ నవ్వు పైపైకి పోయింది. ఎత్తుకుని గాల్లోకి లేపితే పిల్లల నవ్వు ఎలా పోతుందో, అలా. టప్పున ఏదో మూసుకుంది.



ఎలా పరిగెత్తానో గుర్తు లేదు. మొదటి గదిలో బీరువా తలుపు లాగాను. పెద్దది చీరల కింద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాన్నా..." అంది గుసగుసగా. "నువ్వేనా?"

"నేనే తల్లీ. తమ్ముడేడి?"

"ఇప్పుడే నువ్వు తీసుకెళ్లావు కదా."

"అది నేను కాదమ్మా. అది... నేను రికార్డు చేసి..." ఎనిమిదేళ్ల పిల్ల ముందు తల ఎత్తలేకపోయాను.

"నాకు తెలుసు" అంది. "నిన్న నీళ్లు తాగడానికి బయటికొచ్చాను. చెప్పుల స్టాండు మీద నువ్వు మాట్లాడుతున్నావు. బాల్కనీలో నువ్వు పడుకున్నావు."

"మరి... చెప్పలేదేం?"

"తమ్ముడు నవ్వుతున్నాడు కదా. చెప్తే ఏడుస్తాడని మళ్లీ వెళ్లి దాక్కున్నా."

బీరువాలోంచి దాన్ని బయటికి లాగాను.

"ఇవాళ కూడా స్పీకరే అనుకున్నా నాన్నా. కానీ బీరువా సందులోంచి చూశాను. స్పీకర్‌కి కాళ్లుండవు కదా..."

దాన్ని ఎత్తుకుని తెచ్చి మెయిన్ డోర్ తీసి, గుమ్మం బయట మెట్ల మీద కూర్చోబెట్టాను. "ఇక్కడే ఉండు. ఎవరు పిలిచినా లోపలికి రాకు. నేను పిలిచినా రాకు" అన్నాను. ఒక తండ్రి తన బిడ్డతో అనాల్సిన మాటేనా అది? కానీ అన్నాను.

పరదాల వెనక చూశాను. మంచాల కింద చూశాను. విడిచిన బట్టల బుట్ట, వంటగది అరలు, బాత్రూం, అన్నీ చూశాను. రెండు రోజుల్లో మొదటిసారి నిజంగా వెతికాను. "బుడ్డోడా! నాన్నా! బయటికి రా, ఆట అయిపోయింది!"

నడవాలో నా నెత్తి మీద ఏదో కదిలింది.

తలెత్తాను. అటక తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది. లోపల చిమ్మచీకటి. నిచ్చెన బాల్కనీలో తడుస్తూ, ఎక్కడిదక్కడే ఉంది.

"ష్..." అన్నాడెవరో పైన. "మాట్లాడకు నాన్నా. కింద ఉన్నది ఉత్తుత్తి నాన్న."

నా గొంతు.

"బుడ్డోడా!" అని అరిచాను. "నేనురా! మీ నాన్నని!"

పైన గుసగుసలు. తర్వాత బుడ్డోడి గొంతు, చిన్నగా, జాగ్రత్తగా. "నువ్వు నిజం నాన్నవైతే... నిన్న నేనెక్కడ దాక్కున్నానో చెప్పు."

నోరు తెరిచాను.

నిన్న ఎక్కడ దాక్కున్నాడు? గంటసేపు ఎక్కడ కూర్చున్నాడు ఆ పసివాడు, చెమటలు కక్కుతూ? నాకు తెలీదు. నేను చూడలేదు. వాడు బయటికొచ్చాక అడగను కూడా లేదు.

"చెప్పు నాన్నా" అన్నాడు వాడు. గొంతులో ఆశ ఉంది. నేను చెప్పాలనే వాడికీ ఉంది.

"బట్టల బుట్టలో" అంది పైనున్న నా గొంతు, మెత్తగా. "ఎర్ర తువ్వాలు కప్పుకున్నావు. కాలికి చీమ కుట్టింది. అయినా ఏడవలేదు. నా బంగారం కదా."

"ఆఁ!" అన్నాడు బుడ్డోడు, సంబరంగా.

అటక తలుపు మెల్లగా మూసుకోవడం మొదలుపెట్టింది.

ఎలాగైనా అబద్ధమాడి గెలవాలనిపించింది. నేనే చూశానురా, బుట్టలోనే చూశానురా అనాలనిపించింది. పదకొండేళ్లుగా చేస్తున్న పని అదే కదా! కానీ ఆ గొంతు ముందు నా అబద్ధం నిలబడదని తెలిసిపోయింది. గోడకి ఆనుకుని కూలబడ్డాను.

"నాకు తెలీదు నాన్నా" అన్నాను. "నేను నిన్ను వెతకలేదు. నిన్నా వెతకలేదు, ఇవాళా వెతకలేదు. స్పీకర్లో నా గొంతు పెట్టి, వెళ్లి పడుకున్నాను."

తలుపు ఆగింది.

వాన చప్పుడొక్కటే.

"పడుకున్నావా?" అన్నాడు వాడు.

"అవును."

"రెండు రోజులూనా?"

"అవును నాన్నా. తప్పైపోయింది. నువ్వు దిగిరా."

పైన వాడు ఏడవడం మొదలుపెట్టాడు. దెబ్బ తగిలినప్పటి ఏడుపు కాదు. వెక్కివెక్కి, లోపల్లోపల. ఆ ఏడుపు నేనిప్పటికీ వింటున్నాను. ఎవరో వాడిని ఊరుకోబెడుతున్నట్టు చప్పుడు కూడా వినిపించింది, వీపు మీద తడుతున్నట్టు.

నిచ్చెన తెచ్చి వేశాను. ఎక్కాను. తలుపు తీయగానే వాసన కొట్టింది. ఎలకల వాసనా కాదు, దుమ్ము వాసనా కాదు. గడ్డానికి నేను రాసుకునే సబ్బు వాసన. సెలవులని మూడు రోజులుగా నేను గడ్డమే గీసుకోలేదు.

చీకట్లోకి చేతులు చాపాను. వాడి నడుము తగిలింది. లాగబోయాను. లాగాల్సిన పని లేకపోయింది. అటునుంచి ఎవరో వాడిని నా చేతుల్లోకి అందించారు. నిద్రపోతున్న బిడ్డని అమ్మ చేతుల్లోంచి నాన్న తీసుకునేటప్పుడు ఇస్తారే, అలా... తల వాలిపోకుండా మెడ కింద చెయ్యి పెట్టి... జాగ్రత్తగా. ఆ చెయ్యి నా చేతికి తగిలింది. వెచ్చగా ఉంది.

వాడిని పొదువుకుని మెట్ల మీదికి పరిగెత్తాను. మా ఆవిడ వచ్చేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం.

ఆరున్నరకి ఆమె గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "ఇదేంటి, ఇక్కడ కూర్చున్నారు? ఎలా గడిచింది?" అంది.

పెద్దది నా మొహంలోకి చూసింది. "బాగా ఆడుకున్నాం అమ్మా. కరెంటు పోతే ఇక్కడికొచ్చాం" అంది. నా కోసం ఆ పిల్ల అబద్ధమాడింది. అంతకన్నా నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

ఎలుకలున్నాయని చెప్పి, మర్నాడు అటక తలుపుకి నేనే ఎనిమిది మేకులు కొట్టాను. రికార్డింగు తీసేశాను. ఆఫీసులో నా గొంతు తీసేసి ఇంకొకళ్ల గొంతు పెట్టమన్నాను. ఎందుకని అడిగితే గొంతు బాగా లేదన్నాను. ఇల్లు మారదామంటే మా ఆవిడ కారణం అడిగింది. సగం చెప్పాను. స్పీకరు సంగతి చెప్పాను, అటక సంగతి చెప్పలేదు. ఆ సగానికే ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇల్లు మారే మాట అక్కడే ఆగిపోయింది.

అప్పట్నుంచి ప్రతి సెలవూ నాదే. ఫోను బీరువాలో పెట్టేస్తాను. నేల మీద కూర్చుంటాను, గుడారాలు వేస్తాను, గుర్రాన్నవుతాను. బుడ్డోడు మంచివాడు, నాతో ఆడతాడు. బొమ్మలు తెస్తే 'థాంక్స్ నాన్నా' అంటాడు. దాగుడుమూతలు ఆడదామా అంటే మాత్రం తల అడ్డంగా ఊపుతాడు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు హాల్లో గోడకి మొహం ఆనించి నిలబడి ఉన్నాడు. గొణుగుతున్నాడు. "పదమూడు... పదిహేను... పదహారు..."

దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఏం చేస్తున్నావురా?"

"నేనే దొంగని" అన్నాడు. "ఆ రోజు ముందు దొరికింది నేనే కదా. నేను వెతకాలి."

"ఎవర్ని?"

"నాన్నని."

"నేనిక్కడే ఉన్నాను కదరా."

వాడు నా వైపు తిరిగి నన్ను తేరిపార చూశాడు. కోపం లేదు. జాలిగా చూశాడు.

"నువ్వు కాదు" అన్నాడు.

ఇరవై అని, నడవాలోకి వెళ్లాడు. నేను గోడ పట్టుకుని వెనకే వెళ్లాను. వాడు పరదాల వెనక చూశాడు. మంచం కింద చూశాడు. బట్టల బుట్ట మూత తీసి చూశాడు. మళ్లీ నడవాలోకి వచ్చి అటక కింద ఆగాడు. తలెత్తి పైకి చూశాడు. ఎనిమిది మేకులూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

వాడి పెదాల మీద చిన్న నవ్వు కదిలింది. కానీ దొరికావ్ అనలేదు. చూసీ చూడనట్టు, "అబ్బ, ఎక్కడికి పోయాడబ్బా?" అంటూ ఇంకో చుట్టు తిరగడానికి వెళ్లిపోయాడు.

నెత్తి మీద, మేకులు కొట్టిన తలుపు వెనక, ఎవరో నవ్వు ఆపుకోలేక కిసుక్కుమన్నారు.